ప్రాసెసర్ మార్పిడి, 4వ పాఠం: ముందు బోర్డును అడగండి

గత పాఠంలో కోర్లు, థ్రెడ్లు, గిగాహెర్ట్‌జ్ అంటే ఏమిటో చూశాం. ఆ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం వచ్చినంత మాత్రాన కొనుగోలుకు సిద్ధమైనట్లు కాదు. మీ యంత్రంలోని మదర్‌బోర్డు ఒప్పుకోని ప్రాసెసర్ ఎంత వేగవంతమైనదైనా మీకు పనికిరాదు.

పర్లాకిమిడిలో పెళ్లి ఆల్బములు, వీడియోలు చేసే ఒక స్టూడియోను ఊహించుకుందాం. అక్కడి యంత్రంలో హెచ్61 బోర్డు, దానిపై 2011 నాటి ఇంటెల్ ఐ3-2100 ప్రాసెసర్ ఉన్నాయి. వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పుట తెరవండి. సీపీయూ గీత నూరు శాతం దగ్గరే నిలిచిపోతే లోపం ప్రాసెసర్‌దే. సీపీయూ నలభై శాతం దగ్గర ఉండి, డిస్క్ మాత్రం నూటికి అంటుకుని ఉంటే ముందు ఎస్ఎస్‌డీ (వేగంగా చదివి రాసే డిస్క్) వేయించండి. ఈ పాఠంతో మీకు ప్రస్తుతం పనిలేదు. తెలుగు, ఒడియా రెండింటిలోనూ శుభలేఖలు కూర్చే డీటీపీ పనికి కూడా ఎక్కువ కోర్లతో అంత ప్రయోజనం ఉండదు, ఎందుకంటే అక్కడ భారమంతా దాదాపు ఒకే కోరు మీద పడుతుంది.

లోపం ప్రాసెసర్‌దేనని తేలాక బోర్డు పేరు తెలుసుకోవాలి. విండోస్ మీటను, ఆర్ మీటను కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎంఎస్ఇన్ఫో32 (msinfo32) అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తే, ప్రాసెసర్ పేరు, బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అన్న వరుసలో బోర్డు మోడల్, బయోస్ (యంత్రం ఆన్ కాగానే బోర్డు నడిపే మొదటి ప్రోగ్రాం) వెర్షన్, తేదీ కనిపిస్తాయి. ఈ మూడింటినీ కాగితం మీద రాసుకుని, బోర్డు తయారీదారు సైటులో ఆ మోడల్ పేజీ తెరిచి, అది ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితా చూడండి. జాబితాలో ప్రతి ప్రాసెసర్ పక్కన ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో కూడా ఉంటుంది. దుకాణదారు మాటకన్నా ఈ జాబితానే నమ్మాలని నా అభిప్రాయం.

సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) పేరు ఒకటైతే చాలనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఎల్‌జీఏ1151 సాకెట్ ఇంటెల్ 6, 7 తరాలకూ ఉంది, 8, 9 తరాలకూ ఉంది. హెచ్110 బోర్డులో 7వ తరం ఐ3-7100 తీసి 8వ తరం ఐ5-8400 పెడితే గంటు గంటుకు సరిపోయి చక్కగా ఇముడుతుంది, లీవరు కూడా పడుతుంది, కానీ తెర మీద బొమ్మ రాదు. 8వ తరానికి 300 సిరీస్ చిప్‌సెట్ (బోర్డు మీద ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్) కావాలి. ఏఎండీ వారి ఏఎం4 సాకెట్ ఈ విషయంలో ఉదారమైనది. రైజెన్ 1000 నుంచి 5000 వరకు అదే సాకెట్ నడిచింది, అయితే అక్కడా బయోస్ నవీకరించనిదే కొత్తవి లేవవు.

మన స్టూడియో బోర్డు సాకెట్ ఎల్‌జీఏ1155. జాబితాలో ఉండి, తగిన బయోస్ ఎక్కించి ఉంటే, దానిపై 2012 నాటి ఐ7-3770 పెట్టవచ్చు. రెండు కోర్ల స్థానంలో నాలుగు, నాలుగు థ్రెడ్ల స్థానంలో ఎనిమిది వస్తాయి. విద్యుత్ పరిమితి 65 వాట్ల నుంచి 77 వాట్లకు మాత్రమే పెరుగుతుంది. పాతవి కొనేటప్పుడు పేరు చివరి అక్షరం వదలకుండా చదవండి. 3770 పక్కన టీ ఉంటే అది 45 వాట్ల రకం, మూలవేగం 3.4 బదులు 2.5 గిగాహెర్ట్‌జ్ మాత్రమే. బరంపురంలోనో విశాఖలోనో చేతికిచ్చినప్పుడు లోహపు మూత మీద చెక్కిన పేరును వెలుతురులో అడ్డంగా పట్టి చదివి తీసుకోండి.

మరి ఈ ఖర్చు సమంజసమేనా? 2022లో వచ్చిన ఐ3-12100కు కూడా నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే, మూలవేగం 3.3, అంటే కాగితం మీద 3770 కన్నా తక్కువే. అయినా ఒక్కో క్లాక్ టిక్కులో (గిగాహెర్ట్‌జ్ లెక్కించేది వీటినే) ఎక్కువ పని ముగించడం వల్ల అది చాలా ముందుంటుంది. కనుక తరాలు వేరైనప్పుడు గిగాహెర్ట్‌జ్‌లను పోల్చవద్దు. పైగా 3770 విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు. విండోస్ 10కి సాధారణ మద్దతు, అంటే మామూలుగా వచ్చే భద్రతా నవీకరణలు, 2025 అక్టోబర్ 14తో ముగిసింది. యంత్రం ఆల్బములకే పరిమితమై ఇంటర్నెట్‌కు దూరంగా ఉంటే 3770 చౌకైన మార్గం. అదే యంత్రం మీద బ్యాంకు పనులు, దరఖాస్తులు కూడా చేసేవారు బోర్డు, ర్యామ్‌తో సహా మార్చుకోవడమే మంచిది, ఎందుకంటే పాత డీడీఆర్3 ర్యామ్ కొత్త బోర్డులో పట్టదు.

బయోస్ నవీకరణ మధ్యలో కరెంటు పోతే బోర్డు మూగబోవచ్చు. గాలివాన రోజుల్లో ఆ పని పెట్టుకోకండి. మిగతా రోజుల్లోనైనా యూపీఎస్ లేకుండా మొదలుపెట్టవద్దు. పాత ప్రాసెసర్ సాకెట్‌లో ఉండగానే ఇది పూర్తిచేయాలి, ఎందుకంటే కొత్తది పెట్టాక తెర వెలగకపోతే చాలా బోర్డుల్లో బయోస్‌ను మార్చే దారి ఉండదు.

అభ్యాసం: మీ యంత్రం బోర్డు మోడల్, బయోస్ తేదీ, ప్రాసెసర్ పేరు రాసి, ఆ బోర్డు ఒప్పుకునే వాటిలో అన్నిటికన్నా ఎక్కువ థ్రెడ్లున్న ప్రాసెసర్ ఏదో, దానికి ఏ బయోస్ కావాలో గుర్తించండి. థర్మల్ పేస్టు పూయడం, కూలర్ బిగించడం 5వ పాఠంలో.