సద్దుల బతుకమ్మ నాడు కాలనీ జనానికి టెలిస్కోపులో చంద్రుణ్ని చూపించడం ఎలా?

ఊళ్లో లైట్ల వెలుగుకు ఏమీ కనబడదు, నల్లమలకో సాగర్ దిక్కుకో పోవాలంటారు చాలామంది. పాలపుంతకైతే ఆ మాట నిజమే. చంద్రుణ్ని మాత్రం హైమాస్ట్ లైటు కింద నిలబడి కూడా చూడొచ్చు. నల్లమలలో చీకటి ఉంటుంది, చూసే జనం ఉండరు. నల్లగొండలో జనమంతా ఒక్కచోట దొరికేది బతుకమ్మ ఆడే కాడనే.

రోజు: ఎంగిలిపూల బతుకమ్మ అమావాస్య నాడు, సద్దులు దుర్గాష్టమి నాడు. అంటే ఆఖరి రోజుకు చంద్రుడు సగానికి వస్తాడు. వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి గుంతల నీడలు పొడుగ్గా పడి, వాటి లోతు తెలిసేది అప్పుడే. పున్నమి నాడు టెలిస్కోపు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నీడలు లేని చంద్రుణ్ని చూడటం సున్నం కొట్టిన గోడను చూడటమే.

సామాను: 130 మి.మీ. అద్దం, 650 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) ఉన్న టెలిస్కోపు చాలు. 25 మి.మీ. ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే చిన్న కటకం) 26 రెట్లు, 10 మి.మీ. ఐపీస్‌తో 65 రెట్లు పెద్దగా కనబడుతుంది. డబ్బా మీద ‘525 రెట్లు’ అని అచ్చేసిన బొమ్మ టెలిస్కోపుల జోలికి పోవద్దు. పిల్లలకు ఒక గట్టి పీట కావాలి. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే ఊగి గొట్టాన్ని పట్టుకుంటారు.

జాగా: ఏడు గంటలకు చంద్రుడు దక్షిణానికి కొంచెం పడమరగా ఉంటాడు, ఆ దిక్కు ఖాళీగా ఉండాలి. ఫోకస్ లైట్లు, సీరియల్ సెట్లు మీ వీపు వెనక ఉండాలి. పక్కన తెల్ల గోడ ఉండొద్దు. వెలుగు నేరుగానే వస్తుందనుకోవద్దు, రాళ్ల మీద, గోడల మీద పడి పక్కల నుంచి కూడా వస్తుంది. నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా కదలకుండా ఉండే నీడ వెనకున్నదీ ఈ సంగతే. లైట్లు ఆర్పమని కమిటీవాళ్లతో కొట్లాడొద్దు, పండుగ వాళ్లది. పొద్దు పూర్తిగా కుంకినాకే గొట్టం పైకెత్తండి. పొరపాటున సూర్యుడు అందులో పడితే కన్ను పోతుంది.

ఇక అసలు పని, జనానికి చూపించడం. చెడేది ఇక్కడే.

ముందు చంద్రుణ్ని మీరే ఫోకస్ చేయండి. ఆ తర్వాత ఫోకస్ తిప్పే మరను ఇంకెవరి చేతికీ ఇవ్వొద్దు. అద్దాలున్నవాళ్లు అద్దాలతోనే చూస్తారు, ఇది నా దగ్గర చట్టం. ఒక్కరు తిప్పితే వెనక పదిమందికి మసకే.

ఈ అద్దం రకం టెలిస్కోపులో కన్ను పెట్టాల్సింది గొట్టం పైభాగంలో, పక్కకు. చెప్పకపోతే సగంమంది వంగి కింది కొసన వెతుకుతారు. ‘చేతులు వెనక్కి కట్టుకోండి’ అన్నది మొదటి మాట కావాలి. మనిషికి చీకట్లో ఏదో ఒకటి పట్టుకోబుద్ధవుతుంది, పట్టుకుంటే చంద్రుడు మాయం. రెండో మాట, కన్ను ఆనించొద్దు, వేలెడు దూరంలో ఆపి మెల్లగా దగ్గరికి రావాలి. తొందరపడితే నల్లటి నీడ అడ్డం వస్తుంది. ‘ఏం కనబడ్తలేదు బిడ్డా’ అనే పెద్దమ్మలకు సాధారణంగా ఇదే ఇబ్బంది. రెండో కన్ను మూసుకోలేకపోతే వాళ్ల అరచేతితోనే కప్పుకోమనండి.

భూమి తిరుగుతుంది కాబట్టి చంద్రుడు జరుగుతూనే ఉంటాడు. మధ్యలో పెట్టి వదిలేస్తే మూడో మనిషికి సగమే దొరుకుతాడు. జరిగే దిక్కుకు కొంచెం వెనక అంచున పెట్టండి, జరుగుతూ మధ్యకు వస్తాడు. రెండు నిమిషాలకోసారి మీరు సర్దాల్సిందే.

‘కనబడిందా?’ అని మాత్రం అడగొద్దు. మొహమాటానికి అందరూ కనబడిందనే అంటారు. ‘గుంతలు ఏ పక్కన ఎక్కువున్నయి?’ అని అడగండి, చూడనివాళ్లు అక్కడ దొరికిపోతారు.

చంద్రయాన్ ఎక్కడ దిగిందని అడగని పిల్లలుండరు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన చోటు అష్టమి నాడు వెలుగున్న సగంలోనే, దక్షిణ ధ్రువం దిక్కున ఉంటుంది. ఇందులో బొమ్మ తలకిందులు కాబట్టి ఆ దిక్కు పైన కనబడుతుంది. ల్యాండరైతే భూమ్మీది ఏ టెలిస్కోపుకూ అందదు, ఆ మాట ముందే చెప్పేయండి.

పది దాటితే చంద్రుడు ఇళ్ల వెనక్కి దిగిపోతాడు, జనం చెరువు దారి పడతారు. అప్పటికి ఐపీస్ మీద కాటుక, పసుపు అంటి ఉంటుంది. ఆత్రంగా కొంగుతో తుడిస్తే గీతలు పడతాయి. మూత పెట్టి ఇంటికి తీసుకుపోండి. తెల్లారి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, లెన్స్ ద్రవం తడిపిన గుడ్డతో ఒత్తకుండా తుడవండి.