బైకు ముందు ఫోర్కుల ఆయిల్ సీళ్లను ఇంట్లోనే మార్చుకునే విధానం

మెరిసే ఫోర్క్ పైపు మీద నూనెతో తడిసిన దుమ్ము వలయంలా పేరుకుంటే ఆయిల్ సీల్ పాడైందని అర్థం. ఆ నూనె జారి డిస్కుకు అంటుకుంటే బ్రేకు పట్టదు కాబట్టి ఈ పనిని వాయిదా వేయకూడదు. విజయవాడ ఆటోనగర్‌లో బండి మోడల్, తయారైన సంవత్సరం చెప్పి ఆయిల్ సీళ్లు, డస్ట్ సీళ్లు, అడుగు బోల్టులకు రాగి వాషర్లు, మాన్యువల్‌లో సూచించిన గ్రేడ్ ఫోర్క్ ఆయిల్ తెచ్చుకోండి.

బండికి సెంటర్ స్టాండ్ వేసి, సైలెన్సర్ పైపు మీద బరువు పడకుండా ఇంజన్ కింద దిమ్మ పెట్టి, ముందు చక్రాన్ని నేలకు ఆననివ్వకుండా నిలపండి. విప్పిన కాలిపర్ (డిస్కును పట్టే బ్రేకు భాగం) హోస్ మీద వేలాడకుండా తీగతో కట్టండి. అది బయట ఉన్నంతసేపూ ముందు బ్రేక్ లివర్ నొక్కవద్దు. చక్రం, మడ్‌గార్డ్ తీశాక ఫోర్కును పట్టి ఉంచే పై క్లాంపు బోల్టు వదులు చేసి, కింది క్లాంపు పట్టి ఉండగానే ఫోర్క్ క్యాప్‌ను (పై మూతను) ఒక పావు చుట్టు కదిలించండి. ఫోర్కు చేతికి వచ్చాక అది బిగిసి ఉంటే విప్పడం చాలా కష్టం. రెండు ఫోర్కులనూ ఒకేసారి విప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి చేస్తే, ఏ వాషర్ ఎక్కడ ఉండాలో రెండోది చూసి తెలుసుకోవచ్చు.

క్యాప్ తీయకముందే, స్ప్రింగు ఒత్తిడి లోపలి రాడ్‌ను పట్టి ఉంచేలా ఫోర్కును అదిమిపెట్టి, అడుగున ఉన్న ఎలెన్ బోల్టును వదులు చేయండి. క్యాప్ కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. ముఖం పక్కకు పెట్టి, అరచేత్తో క్యాప్‌ను అదిమి నెమ్మదిగా తిప్పండి. స్ప్రింగు ఏ వైపు పైకి ఉందో గుర్తు పెట్టుకోండి. పాత నూనెను డబ్బాలోకి వంపి, పైపును పదిసార్లు ఆడించి మిగిలింది కూడా రాబట్టండి. బూడిద రంగులో, దుర్వాసనతో వచ్చే ఆ నూనెను బందరు కాలవలో పారబోయవద్దు. ఆ నీరు పొలాలకు పోతుంది.

డస్ట్ సీల్, సర్‌క్లిప్ (సీల్‌ను పట్టి ఉంచే తీగ వలయం), అడుగు బోల్టు తీసి, పైపును లాగేసి, బాటమ్ కేస్ (పైపు దిగే కింది గొట్టం) అంచుకు గుడ్డ అడ్డం పెట్టి పాత సీల్‌ను లేపండి. అసలు శ్రద్ధ పెట్టవలసింది ఇప్పుడే. నేను మొదటిసారి సీళ్లు మార్చిన పదిహేను రోజులకే మళ్లీ నూనె కారింది. తీసి చూస్తే సీల్ బాగానే ఉంది. పైపు మీద సూదిమొనంత తుప్పు గుంట సీల్ పెదవిని గీరేసింది. అందుకని పైపును తుడిచి, వెలుతురులో తిప్పుతూ, సీల్ కదిలే మేర అంతటా గోటితో నిమరండి. గోరు తగిలిన చోట పొడుచుకు వచ్చిన అంచును తడిపిన 1500 నంబర్ నీటి ఎమరీతో సున్నితంగా రుద్దవచ్చు గాని, లోతైన గుంట ఉంటే పైపు మార్చడమే మంచిది. వంగిందేమో కూడా గాజు పలక మీద దొర్లించి చూడండి.

పైపును కేస్‌లో అమర్చి, రాగి వాషర్ కొత్తది వేసి బోల్టు బిగించండి. పైపు అంచు గీరకుండా పలుచని ప్లాస్టిక్ కవరు తొడిగి, సీల్ పెదవికి ఫోర్క్ ఆయిల్ రాసి, అచ్చు ఉన్న వైపు పైకి ఉండేలా దించండి. సరిపడా వ్యాసమున్న పీవీసీ గొట్టం ముక్కతో అన్ని వైపులా సమానంగా తట్టితే అది దిగుతుంది. సర్‌క్లిప్ గాడి పూర్తిగా కనిపించేదాకా తట్టాలి.

నూనెను మాన్యువల్‌లో చెప్పిన మిల్లీలీటర్ల ప్రకారం కొలిచి రెండు ఫోర్కుల్లోనూ సమానంగా పోయండి. అన్నీ బిగించి, ఇరుసును పట్టే పక్క బోల్టును మాత్రం బిగించకుండా ఉంచి, బండిని దించి, ముందు భాగాన్ని నాలుగైదుసార్లు నొక్కిన తర్వాతే దాన్ని బిగించండి. బండి కదిపే ముందు బ్రేక్ లివర్ గట్టిపడేదాకా నొక్కి, మరునాడు రెండు పైపులనూ తెల్లగుడ్డతో తుడిచి మరక ఉందేమో చూడండి.