నీళ్ల కోసం కాదు, నీటిమట్టం కోసం: రాతినేలలో పీజోమీటర్ వేసే ముందు జాగ్రత్తలు

జూన్ వస్తే చేలు దున్నేస్తారు, బోరుబండి దిగడానికి దారి దొరకదు. పైగా ఏడాది మొత్తంలో నీటిమట్టం బాగా కిందికి పోయేది మే నెలలోనే. పీజోమీటర్, అంటే నీటిమట్టం చూడ్డానికే వేసే బోరు, ఇప్పుడు వేసుకుంటే అడుగంటిన మట్టమూ తెలుస్తుంది, వాన పడ్డాక అది లేచే తీరూ తెలుస్తుంది. అందుకే అందరూ తొలకరి ముందు తొందరపడతారు. తప్పులు జరిగేది కూడా ఆ తొందరలోనే.

తెలంగాణలో చాలా భాగం, అటు అనంతపురం, చిత్తూరు వైపు కూడా గ్రానైటు నేల. పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్లున్న రాయి, ఇంకా కిందికి పోతే గట్టి బండ. బండలో నీళ్లుండవు, ఉంటే పగుళ్లలోనే. ఒక బోరులో నీళ్లు ఎగజిమ్ముతుంటే, పదడుగుల అవతల వేసిన బోరులో దుమ్ము తప్ప ఏమీ రాదు. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మహేశ్వరం, చౌటుప్పల్ దగ్గర బోర్లు వేసి ఏళ్ల తరబడి చదువుతున్నది ఈ పగుళ్ల తీరునే.

కాబట్టి మొదటి జాగ్రత్త రిగ్గు, అంటే బోరుబండి, రాకముందే తీసుకోవాలి. మనం చూడాల్సింది మొరంలో నీటినా, కింది పగులులో నీటినా? అది తేల్చుకోకుండా సేద్యం బోరులాగా వంద మీటర్లు దించేసి వదిలేస్తే, పైనీళ్లూ కిందినీళ్లూ ఒకే గొట్టంలో కలిసిపోతాయి. అప్పుడు టేపు చూపించే మట్టం ఏ పగులుదీ కాదు. ఫ్యాక్టరీల దగ్గరైతే ఇది ఇంకా ప్రమాదం. పైపొరలో ఉన్న రసాయనం అడుగుకు దిగడానికి మనమే దారి వేసినట్టవుతుంది. పటాన్‌చెరు, బొల్లారం లాంటి ఫ్యాక్టరీల చోట్ల పనిచేసేవాళ్లు దీన్ని అసలు మరవకూడదు. రెండు పొరలు చూడాలంటే పక్కపక్కన రెండు బోర్లు వేయండి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. అయినా వేయండి.

బోరు లోపల ఉండాల్సింది ఇదీ: కావలసిన పగులు ఎదురుగా చీలికలున్న పీవీసీ పైపు, దాని చుట్టూ కడిగిన గులకరాయి, దానిపైన బెంటొనైట్, ఆపైన నేల దాకా సిమెంటు పాలు. బెంటొనైట్ అంటే ఎర్తింగ్ గుంటల్లో వాడే మట్టే. గుళికల రూపంలో కొంచెం కొంచెంగా పోయాలి. బస్తా ఒక్కసారిగా కుమ్మరిస్తే మధ్యలోనే ఉబ్బి ఇరుక్కుంటుంది, కింద ఖాళీ మిగిలిపోతుంది. పోసిన ప్రతిసారీ బరువు కట్టిన టేపు దించి ఎంత పైకొచ్చిందో చూడండి. అది నానడానికి కొన్ని గంటలు వదిలి, ఆ తర్వాతే సిమెంటు పోయండి.

కేసింగ్, అంటే పైమట్టి కూలకుండా బోరు పైభాగంలో దించే గొట్టం, విషయంలో నేను దెబ్బతిన్నాను. కొత్తలో మేం వేయించిన ఒక బోరులో, రాత్రి వాన పడితే తెల్లారేసరికి మట్టం మీటరున్నర లేచింది. నీళ్లు ఎంత బాగా ఇంకుతున్నాయో అని సంబరపడ్డాం. మూడో వానకు అనుమానమొచ్చి, కేసింగ్ పక్కన నేలమీద ఒక బిందెడు నీళ్లు పోసి గొట్టానికి చెవి ఆనించాను. లోపల టపటపమని చుక్కలు పడుతున్న చప్పుడు! కేసింగ్ గట్టిరాతి మీద కూర్చోలేదు, చుట్టూ సిమెంటూ లేదు. ఆ సీజను లెక్కలన్నీ పారేశాం. కేసింగును గట్టిరాతిలోకి కనీసం ఒక మీటరు దించి, చుట్టూ సిమెంటు పాలు పోయించండి. అది ఆరాక ఈ బిందె పరీక్ష తప్పకుండా చేయండి.

రిగ్గు నిలబెట్టేటప్పుడు తల పైకెత్తి కరెంటు తీగలు చూడండి. ఉరుము వినిపిస్తే పని ఆపి రిగ్గుకు దూరంగా జరగాలి. కంప్రెసర్ గొట్టాల జాయింట్లకు గొలుసు ఉండాలి, ఊడిన గొట్టం మనిషిని కొట్టి పడేస్తుంది. రాయి నలిగినప్పుడు లేచే తెల్లదుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులను తినేస్తుంది. మూతికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు, ఎన్95 మాస్కు కావాలి.

బయటికొచ్చే రాతిపొడిని మీటరుకో కుప్పగా వరసగా పోయించండి. తుప్పురంగు పట్టిన ముక్కలు కనిపిస్తే అక్కడ నీరు తిరిగిందని గుర్తు. గ్యాప్, అంటే నీళ్లున్న పగులు, తగిలిన ప్రతిచోటా వీ-నాచ్ పలకతో (V ఆకారంలో గాటు కోసిన రేకు) నీటిని కొలవండి. 90 డిగ్రీల పలకలో 10 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు పారితే సెకనుకు దాదాపు 4.4 లీటర్లు వస్తున్నట్టు.

బోరు వేసిన రోజు మట్టం రాసుకోవద్దు. కంప్రెసర్ నీళ్లన్నీ ఊదేసి ఉంటుంది, బిగువు రాతిలో మళ్లీ నిండడానికి రోజులు పట్టొచ్చు. పంపింగ్ టెస్టుకు, అంటే మోటారుతో నీళ్లు తోడుతూ మట్టం ఎలా దిగుతుందో కొలిచే పరీక్షకు, ముందురోజు చుట్టుపక్కల రైతుల దగ్గరికి స్వయంగా వెళ్లండి. "అన్నా, రేపొక్కరోజు ఆటోస్టార్టర్ తీసి పెట్టవా" అని అడగండి. అది తీయకపోతే కరెంటు రాగానే పక్క మోటారు దానంతటదే ఆడుతుంది, మన టెస్టు పాడవుతుంది. తోడిన నీటిని పైపుతో దూరంగా వదలండి, పక్కనే వదిలితే మళ్లీ లోపలికే ఇంకుతుంది. మట్టం నెమ్మదిగా దిగుతూ ఒక్కసారిగా జారిందంటే, నీళ్లిచ్చే పగులు కిందికి పోయిందన్నమాట. మోటారు కాలిపోకుండా వెంటనే ఆపండి, కానీ కొలవడం ఆపొద్దు. తిరిగి నిండే లెక్క చాలా విలువైనది, మొదటి పది నిమిషాలు నిమిషానికోసారి రాయాలి. నీళ్లు సరిగా రాని బోరుకు పంపు పెట్టకుండా, కొలిచిన నీళ్లు ఒక్కసారిగా పోసి మట్టం దిగే వేగం చూస్తే చాలు.

ఫ్లోరైడ్ లాంటి పరీక్షలకు నిలవనీళ్లు పట్టొద్దు. గొట్టంలో ఉన్న నీటికి మూడింతలు తోడాకే సీసా నింపండి. ఆరున్నర అంగుళాల గొట్టంలో మీటరుకు సుమారు 21 లీటర్లుంటాయి. 30 మీటర్ల నీరుంటే దాదాపు 1,900 లీటర్లు తోడాలి.

ఇక మూత. సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కేసింగ్ చుట్టూ 0.50 × 0.50 × 0.60 మీటర్ల సిమెంటు దిమ్మె ఉండాలి, అందులో 0.30 మీటర్లు నేలపైన, 0.30 నేలలోపల. మూతను వెల్డింగ్ చేయాలి, లేదా నట్లు బోల్టులతో బిగించాలి. మనం కొలతకు తెరవాలి కాబట్టి బోల్టులు, తాళం మేలు. సిమెంటు పని రేపు చూద్దాంలే అనుకున్నా, మూత మాత్రం రిగ్గు కదలకముందే బిగించాలి. ఫెయిలైన బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చేయండి. పిల్లలు ఆడుకునే చోటు అది.