వానాకాలం బోటు దించే ముందు: ఏ నీటికి ఏ యానోడ్?

మృగశిర కార్తె దాటిందంటే హుస్సేన్‌ సాగర్‌ మీద గాలి జోరందుకుంటుంది. జూలైలో తెరచాప పడవల పోటీలు మొదలవుతాయి, వాటి వెంట తిరిగే మోటారు బోట్లకూ చేతినిండా పని దొరుకుతుంది. వేసవంతా షెడ్డులో ఉన్న ఇంజన్లు మళ్ళీ నీళ్ళలోకి దిగే రోజులివి. దించే ముందు ఆయిల్, స్పార్క్ ప్లగ్, నీళ్ళ పంపు ఇంపెల్లర్ అందరూ చూసుకుంటారు. ప్రొపెల్లర్‌కి కాస్త పైన బోల్టుతో బిగించి ఉండే బూడిదరంగు ముక్కను మాత్రం చాలామంది పట్టించుకోరు. దాని పేరే యానోడ్. లక్షలు పోసి కొన్న ఔట్‌బోర్డ్ (పడవ వెనక తగిలించే ఇంజన్) లోయర్ యూనిట్‌, అంటే నీళ్ళలో మునిగి ఉండే గేర్ల పెట్టె, గుంటలు పడి పాడైపోకుండా కాపాడేది ఆ ముక్కే. తెరచాపతో నడిచే చిన్న ఫైబర్ పడవను రోజూ ఒడ్డుకు లాగి పెట్టేవాళ్ళకు ఈ బెడద లేదు. ఇంజన్ ఎప్పుడూ నీళ్ళలోనే ఉండేవాళ్ళు తప్పకుండా చదవాలి.

మన ఇళ్ళలో గీజర్ విప్పితే లోపల ఒక మెగ్నీషియం రాడ్ కనిపిస్తుంది. బోరు నీళ్ళు ట్యాంకును తినేయకుండా అది ముందు అరిగిపోతుంది. బోటు యానోడ్ చేసేదీ అదే. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ ఒకే నీళ్ళలో ఉంటే సన్నని కరెంటు పుడుతుంది, అందులో బలహీనమైన లోహం కరుగుతుంది. స్టెయిన్‌లెస్ ప్రొపెల్లర్ పక్కన అల్యూమినియం లోయర్ యూనిట్ ఉంటే కరిగేది లోయర్ యూనిట్. అంతకన్నా త్వరగా కరిగే లోహాన్ని దానికి తగిలిస్తే నష్టం దాని వంతవుతుంది. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ యుద్ధనౌకల రాగి రేకులకు ఈ ఉపాయమే చెప్పాడు.

ఏ లోహం వాడాలో నీళ్ళే నిర్ణయిస్తాయి. సముద్రపు నీరు కరెంటును మంచినీటి కన్నా దాదాపు వంద రెట్లు సులువుగా మోస్తుంది. అల్యూమినియం లోయర్ యూనిట్‌తో పోలిస్తే జింకు ఇచ్చే నెట్టుడు సుమారు 0.3 వోల్టులు. ఉప్పునీటిలో అది చాలు. మంచినీటిలో ఆ కాస్త వోల్టేజీ ముందుకు సాగదు. పైగా జింకు మీద తెల్లగా గట్టి పెచ్చు కడుతుంది, ఆ పైన అది పనిచేయడం మానేస్తుంది. చూడ్డానికి ముక్క చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి యజమాని సంతోషిస్తాడు, ఈలోగా గేర్ల పెట్టె మీద పెయింటు పొంగి గుంటలు పడుతుంటాయి. యానోడ్ అరగడం లేదంటే సంతోషించకండి, అది పని చేయడం లేదని అనుమానించండి.

మెగ్నీషియం నెట్టుడు 0.8 వోల్టుల పైనే. నాగార్జున సాగర్ లాంటి శుభ్రమైన మంచినీటి జలాశయంలో ఏడాదంతా ఉండే బోటుకు అదే సరైనది. అదే బోటును సముద్రంలో దించితే ఆ మెగ్నీషియం వారాల్లో కరిగిపోవచ్చు. అల్యూమినియం హల్ (పడవ ఒళ్ళు) మీద పెయింటు బుడగలు లేస్తుంది, చెక్క పడవైతే బోల్టుల చుట్టూ క్షారం చేరి చెక్క మెత్తబడుతుంది. ఉప్పునీటికి మెగ్నీషియం ఒక్క రోజుకు కూడా వద్దు.

ఈ రెండింటి మధ్య నిలిచేది అల్యూమినియం యానోడ్. ఉప్పునీటిలో, ఉప్పూ మంచినీరూ కలిసే నదీముఖాల్లో బాగా పనిచేస్తుంది, మంచినీటిలోనూ జింకు కన్నా చాలా నయం. ఎండి మళ్ళీ తడిసినా చురుకు తగ్గదు. హుస్సేన్‌ సాగర్‌లోకి దశాబ్దాలుగా మురుగు, ఫ్యాక్టరీ వ్యర్థాలు చేరుతున్నాయి. కరిగిన లవణాలున్న అలాంటి నీటిని కొండవాగు నీటితో సమానంగా చూడలేం. అందుకే ఇక్కడి ఔట్‌బోర్డ్‌లకు నేను ముందు అల్యూమినియమే వేయమంటాను. నెలకోసారి చూడండి. అది అరగకుండానే లోయర్ యూనిట్‌లో గుంటలు కనిపిస్తే అప్పుడు మెగ్నీషియంకు మారండి.

అల్యూమినియం అన్నాను కదా అని రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో పట్టీ ముక్క కొని రంధ్రం వేసి బిగించకండి. మామూలు అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర కట్టి నిద్రపోతుంది. ఆ పొర నిలవకుండా యానోడ్ మిశ్రమంలో జింకు, కొద్దిగా ఇండియం అనే లోహం కలుపుతారు. స్క్రాప్ జింకు పోత పోయించుకోవడమూ దండగే. యానోడ్ జింకులో ఇనుము 0.005 శాతం మించకూడదు, అంతకు మించితే పెచ్చు కట్టి ఆగిపోతుంది. మీ ఇంజన్ మోడల్‌కు సరిపోయే ముక్కనే తెప్పించుకోండి, ఏ లోహమో బిల్లు మీద రాయించుకోండి.

గోవా నుంచో ముంబయి నుంచో సెకండ్‌హ్యాండ్ బోటు తెచ్చుకున్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సముద్రంలో తిరిగిన బోటుకు జింకే ఉండే అవకాశం ఎక్కువ. ముక్క విప్పి చేత్తో తూచండి. ఒకే సైజులో జింకు అల్యూమినియం కన్నా రెండున్నర రెట్లు బరువు, మెగ్నీషియం అల్యూమినియం కన్నా తేలిక. ఇంకా అనుమానముంటే గీకిన చోట ఒక చుక్క వెనిగర్ వేయండి. మెగ్నీషియం వెంటనే బుసబుస పొంగుతుంది.

బిగించేటప్పుడు చేసే పొరపాట్లే ఎక్కువ నష్టం చేస్తాయి. యానోడ్ కూర్చునే చోట పెయింటు, మట్టి, పాత పెచ్చు గీకి మెరిసే లోహం కనిపించాలి. లోహం లోహానికి తగలకపోతే అది ఊరికే వేలాడే ముక్క. బిగించాక మల్టీమీటర్‌తో యానోడ్‌కీ లోయర్ యూనిట్‌కీ మధ్య చూడండి, ఒక ఓమ్ కన్నా తక్కువ రావాలి. యానోడ్‌కు మాత్రం ఎన్నడూ రంగు వేయకండి. పెయింటర్‌ను దగ్గరుండి ఆపండి, మొత్తం ఒకే రంగులో ఉంటే అందంగా ఉంటుందని అతను బ్రష్ తిప్పేస్తాడు. ఒకే బోటుకు రెండు రకాల లోహాలు కలపకండి, చురుకైనది రెండోదాన్ని కూడా మోస్తూ త్వరగా అయిపోతుంది. బ్రాకెట్ దగ్గర, కొన్ని ఇంజన్లలో సిలిండర్ బ్లాక్ లోపల కూడా యానోడ్లుంటాయి, వాటినీ అడిగి మార్పించండి. సగం అరిగితే మార్చేయండి. ఎలాగూ వంగారు కాబట్టి షాఫ్ట్‌కు చుట్టుకున్న గుర్రపు డెక్క వేర్లు, గాలం దారం కూడా తీసేయండి.

కొత్త యానోడ్ కొద్ది వారాల్లోనే మాయమైతే ముక్క నాసిరకమని తిట్టుకునే ముందు వైరింగ్ చూడండి. బిల్జ్ పంపు (పడవ అడుగున చేరే నీటిని తోడేది) వైరు తెగి నీళ్ళలో తడుస్తుంటే బ్యాటరీ కరెంటు యానోడ్‌ను ఆబగా తింటుంది. ఒడ్డు నుంచి ప్లగ్ పెట్టి ఛార్జింగ్ చేసే బోటైతే ప్రమాదం మనుషులకే. మంచినీటిలో కరెంటు లీకైతే నీటి కన్నా మనిషి శరీరమే దానికి సులువైన దారి. ఈదేవాడి కండరాలు పట్టేసి మునిగిపోతాడు. ప్లగ్ పెట్టి ఉన్న బోటు పక్కన ఎవరినీ నీళ్ళలో దిగనివ్వకండి. ఆ లైనుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే బ్రేకర్) తప్పనిసరి, ఎర్త్ వైరు గుండా వచ్చే సన్నని కరెంటును అడ్డుకునే గాల్వానిక్ ఐసొలేటర్ కూడా ఉంటే పక్క బోట్ల పాపం మన యానోడ్ మోయక్కర్లేదు.

ట్రైలర్ మీద కాకినాడకో సూర్యలంకకో తీసుకెళ్ళే ఆలోచన ఉంటే అల్యూమినియం యానోడ్ పెట్టుకుని బయలుదేరండి, వచ్చాక మార్చాల్సిన పని ఉండదు. మెగ్నీషియం ఉన్న బోటైతే హైదరాబాద్‌లోనే, చేతిలో పనిముట్లున్నప్పుడే మార్చేయండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మోటారు పడవల చేపల వేటపై నిషేధం, ఆ రెండు నెలల్లో అక్కడి పడవలు చాలావరకు మరమ్మతుల్లో ఉంటాయి. కాబట్టి ఆ రోజుల్లో అక్కడ మెకానిక్ దొరుకుతాడన్న ధీమా పెట్టుకోకండి. తిరిగి రాగానే ఇంజన్‌ను మంచినీటితో పదీ పదిహేను నిమిషాలు ఫ్లష్ చేయండి. ఏ లోహం యానోడ్ ఏ తేదీన వేశారో ఇంజన్ మూత లోపలి వైపు మార్కర్‌తో రాసిపెట్టండి.