ఆయిల్ ఛాంబర్ బోల్టు పట్టకుండా ఊరికే తిరుగుతోందా?

కారు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టే ఛాంబర్. ఆయిల్ మార్చి, దాని డ్రెయిన్ బోల్టు (పాత ఆయిల్ దించే బోల్టు) బిగిస్తుంటే, గట్టిపడాల్సిన చోట అది ఒక్కసారిగా వదులైపోతుంది. స్పానర్ తిరుగుతూనే ఉంటుంది, బోల్టు మాత్రం పట్టదు. మెకానిక్‌లు 'మర పోయింది', 'థ్రెడ్ స్లిప్ అయింది' అనేది దీన్నే. కొత్త ఆయిల్ పోయకముందే బయటపడితే నయం. చాలామందికి పార్కింగ్‌లో నల్ల మరక చూశాకే తెలుస్తుంది.

మరక ఉంటే మర పోయినట్టేనా?

అక్కర్లేదు. ఇంజిన్ పైమూత (వాల్వ్ కవర్) గాస్కెట్ దగ్గర కారినా, ఫిల్టర్ దగ్గర కారినా ఆయిల్ కిందికి జారి చివరికి డ్రెయిన్ బోల్టు తల మీదే చుక్కగా వేలాడుతుంది. అందుకే ముందు ఛాంబర్‌ని బ్రేక్ క్లీనర్‌తో శుభ్రంగా తుడిచి, ఇంజిన్ కాసేపు నడిపి, కింద అట్టముక్క పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున పైభాగమంతా పొడిగా ఉండి బోల్టు చుట్టూ మాత్రమే తడి ఉంటే అప్పుడు బోల్టును అనుమానించండి.

బోల్టు గట్టిగానే ఉండి చెమ్మ వస్తుంటే తప్పు వాషర్‌ది. ఇక్కడ ఆయిల్‌ని ఆపేది మర కాదు, బోల్టు తలకీ ఛాంబర్‌కీ మధ్య నలిగే రాగి లేదా అల్యూమినియం వాషర్. మర పని దాన్ని నొక్కి పట్టడం వరకే. అసలు మరలు పోయేది ఎక్కువగా ఇక్కడే: నలిగిపోయిన పాత వాషరే మళ్లీ వేస్తారు, చుక్క ఆగదు, 'ఇంకాస్త బిగించు' అంటారు. సర్వీసు సర్వీసుకీ ఆ 'ఇంకాస్త' పెరుగుతూ పోతుంది. చివరిసారి బిగించినవాడి మీదకి నింద వస్తుంది గానీ, పాపం అందరిదీ.

చాలా చిన్న కార్లకు ఈ బోల్టు టార్క్ (ఎంత బలంతో బిగించాలో ఆ కొలత) 30 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్యే ఉంటుంది. మీ కారుది మాన్యువల్‌లో చూసుకోండి. స్పానర్‌కి పైపు తగిలించి లాగితే ఇది ఎప్పుడో దాటిపోతుంది. ఇంపాక్ట్ గన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతో తిప్పకుండా నేరుగా స్పానర్ పెడితే బోల్టు వంకరగా ఎక్కి మరను కోసేస్తుంది.

ఎంత పోయింది?

తీసిన బోల్టును తుడిచి వెలుతురులో చూడండి. మరల సందుల్లో వెండి రంగు తీగలాంటి చుట్టలు ఇరుక్కుని ఉంటే అవి ఛాంబర్ మరలే, ఊడి బోల్టుతో వచ్చేశాయి. బోల్టు ఉక్కు, ఛాంబర్ మెత్తటి అల్యూమినియం అయినప్పుడు ఓడిపోయేది ఎప్పుడూ ఛాంబరే. తర్వాత ఛాంబర్‌కి అయస్కాంతం ఆనించండి. అతుక్కుంటే ఉక్కు రేకు ఛాంబర్, అతుక్కోకపోతే అల్యూమినియం. రిపేరు దారి దీన్నిబట్టే మారుతుంది.

చుట్టలు లేకుండా బోల్టు మరలే అరిగి ఉంటే కొత్త బోల్టు, కొత్త వాషర్‌తో పని అయిపోవచ్చు. షాపులో స్పానర్ సైజు చెప్పకండి, అది తల కొలత. పాత బోల్టే చేతికివ్వండి. చాలా మారుతి, హోండా, హ్యుందాయ్ కార్లకు మర 14 మిల్లీమీటర్లు, 1.5 పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం). టయోటాల్లో చాలావాటికి 12 మిల్లీమీటర్లు, 1.25 పిచ్.

బాగుచేయడం

మొదటి ఒకటి రెండు మరలే వంకరపోతే అదే సైజు ట్యాప్‌ను (మర కోసే పనిముట్టు) చేత్తో నెమ్మదిగా నడిపితే దారి సరవుతుంది. ట్యాప్ గాడుల్లో గ్రీజు పూయండి, లోహపు పొట్టు దానికే అంటుకుంటుంది.

మర పూర్తిగా పోతే సులువుగా దొరికేది ఓవర్‌సైజు బోల్టు. తనే కొత్త మర కోసుకుంటూ ఎక్కుతుంది. రేకు ఛాంబర్‌కి ఫరవాలేదు. అల్యూమినియానికి నేను వేయమనను: వంకరగా ఎక్కితే బాస్ (రంధ్రం చుట్టూ ఉండే మందపాటి భాగం) పగులుతుంది, ఆ తర్వాత బుష్ (లోపల కొత్త మర ఉన్న గొట్టం) వేయడానికి లోహం మిగలదు.

అల్యూమినియానికి సరైన పని ఇన్సర్ట్, అంటే పోయిన మర చోట కొత్త మర ఉన్న ముక్క దించడం. రంధ్రాన్ని కిట్‌లో చెప్పిన సైజుకు డ్రిల్ చేసి, ట్యాప్ కొట్టి, హెలికాయిల్ తీగచుట్ట గానీ గట్టి ఉక్కు బుష్ గానీ దించుతారు. ప్రతి సర్వీసుకీ విప్పే బోల్టు కాబట్టి నా ఓటు బుష్‌కే. ఏది వేసినా అంచు ఛాంబర్ ముఖం కన్నా పైకి లేవకూడదు. లేస్తే వాషర్ కూర్చోదు, మళ్లీ చుక్కే.

ఈ పని కారు కింద పడుకుని కాకుండా ఛాంబర్ విప్పి చేయించండి. విప్పడానికి బద్ధకించే మెకానిక్ 'పొట్టు ఫిల్టర్‌లో ఆగిపోతుందిలే' అంటాడు. కానీ ఆయిల్ ముందు పంపుకి వెళ్లి, ఆ తర్వాతే ఫిల్టర్‌కి చేరుతుంది. పంపుకి ముందున్న జాలీ పెద్ద ముక్కల్నే ఆపుతుంది, సన్నపొడి పంపును గీస్తుంది. విప్పిన ఛాంబర్‌ని విజయవాడ ఆటోనగర్‌ లాంటి చోట లేత్ షాపుకి తీసుకెళ్తే రంధ్రం నిటారుగా పడుతుంది. వెల్డింగ్ అవసరమైతే ముందు ఆయిల్ ఆనవాలు లేకుండా కడగాలి. రేకు ఛాంబర్ అయితే కొత్తది వేయడమే ఒక్కోసారి చవక, ధర కనుక్కున్నాకే లేత్ షాపుకి వెళ్లండి.

ఎం-సీల్, టెఫ్లాన్ టేపు చుట్టి నెట్టుకొచ్చేవాళ్లున్నారు. ఛాంబర్‌లో ప్రెషర్ ఉండదు కాబట్టి కొన్నాళ్లు ఆగినట్టే ఉంటుంది. పట్టులేని బోల్టు హైవే మీద అదురుకి ఊడితే ఉన్న ఆయిలంతా రోడ్డుపాలు. డ్యాష్‌బోర్డులో ఎర్రలైటు వెలిగేది ప్రెషర్ పడిపోయాకే, లెవల్ తగ్గగానే కాదు. ఆ లైటు చూస్తే పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయండి.

ఛాంబర్ చుట్టూ ఉన్న చిన్న బోల్టులు

ఇవి సాధారణంగా 6 మిల్లీమీటర్లవి, 10 నంబర్ స్పానర్ పడుతుంది, టార్క్ సుమారు 10 న్యూటన్ మీటర్లే. ఇక్కడ పోయేది ఛాంబర్ మర కాదు, పైన ఇంజిన్ బ్లాకులోని మర. ముందు సన్నతీగతో రంధ్రం లోతు కొలవండి. పాత బోల్టు అందని మర లోపల మిగిలి ఉంటే 5 మిల్లీమీటర్లు పొడవైన బోల్టు చాలు. మిగలకపోతే 6.3 మిల్లీమీటర్ల డ్రిల్‌తో రంధ్రం చేసి హెలికాయిల్. లోతు దాటకుండా డ్రిల్‌కి టేపు చుట్టుకోండి. రేకు ఛాంబర్ అంచు బోల్టు రంధ్రాల దగ్గర గుంటపడి ఉంటే చెక్కదిమ్మ మీద పెట్టి సాఫు చేయాలి, లేకపోతే ఎంత బిగించినా మధ్యలో కారుతుంది. ఛాంబర్‌ని తిరిగి బిగించేటప్పుడు అంచుకి సిలికాన్ పేస్ట్ సన్నగీత చాలు. ఎక్కువైనది లోపలికి పొంగి, తెగి, జాలీకి అడ్డం పడుతుంది.

పేస్ట్ డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చి ఆయిల్ పోయండి. ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి ఆపి, డిప్‌స్టిక్ చూడండి. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అట్టముక్క వేయండి. తడి లేకపోతే 'ఎందుకైనా మంచిది' అని స్పానర్ పెట్టొద్దు.