రాడ్డు అతుక్కుంటోందా? చేతిని తిట్టుకునే ముందు ఎర్త్ చూడండి

ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ ఏడాది కోర్సు. అది పూర్తి చేసి వరంగల్ చుట్టుపక్కల ఫ్యాబ్రికేషన్ షాపులకు ట్రయల్ కోసం వచ్చే పిల్లల దగ్గర నేను ఎక్కువగా వినే మాట ఇది: "అన్నా, అక్కడ మంచిగనే వచ్చేది, ఇక్కడ రాడ్డు అతుక్కుంటున్నది." ఆ మాట అంటూనే చెయ్యి కరెంట్ నాబ్ మీదికి పోతుంది. ఎర్త్ క్లాంప్ (వెల్డ్ చేసే ఇనుమును, అంటే జాబ్‌ను, పట్టుకుని కరెంట్‌ను మిషన్‌కు తిరిగి చేర్చే పట్టు) వైపు చూసేవాడు అరుదు.

హోల్డర్ పట్టడం, ఆర్క్ కొట్టడం, స్లాగ్ తీయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

లక్షణం: రాడ్డు కొట్టగానే అతుక్కుంటుంది. ఆర్క్ మొదలైనా మధ్యలో ఆరిపోతుంది. బీడు (వెల్డ్ గీత) ప్లేట్‌లోకి దిగకుండా, పైన తాడు పరిచినట్టు ఉబ్బి కూర్చుంటుంది.

ముందు రాడ్డు ప్యాకెట్ చదవండి. 6013 రకం రాడ్డయితే 2.5 మిల్లీమీటర్లకు సుమారు 60 నుంచి 90 ఆంపియర్లు, 3.15కు 90 నుంచి 130. ప్యాకెట్ మీద రాసే ఉంటుంది, కానీ దాన్ని చింపి అవతల పడేస్తారు. కరెంట్ సరిగానే ఉంటే క్లాంప్ ఎక్కడ పట్టుకుందో చూడండి. రెడ్ ఆక్సైడ్ పెయింట్ మీదా? తుప్పు మీదా? టేబుల్ కాలికా? రూపాయి బిళ్ళంత చోటు గ్రైండర్‌తో మెరిసేలా చేసి, జాబ్‌కే క్లాంప్ పెట్టండి. గేటు పని అయితే వెల్డ్ చేసే పల్లకే (గేటు రెక్కకే) పెట్టాలి. అవతలి పల్లకు పెడితే కరెంట్ బందుల గుండా తిరిగి రావాలి, అక్కడే సగం తంటా. చాలాసార్లు ఇంతటితో పని అయిపోతుంది.

అయినా రాడ్డు అతుక్కుంటుంటే, నన్ను దెబ్బతీసిన కారణం దగ్గరికి వద్దాం.

కొన్నేళ్ల కింద నేను పనిచేసిన షాపుకు పరకాల వైపు నుంచి ఒక పిల్లగాడు ట్రయల్‌కు వచ్చాడు. మొదటి రెండు బీడ్లు బాగానే వేశాడు. మూడోదాంట్లో రాడ్డు అతుక్కుంది, మళ్ళీ అతుక్కుంది. "అన్నా, మిషన్‌ల ఏదో ఉన్నది" అన్నాడు. "మిషన్‌ల కాదు తమ్మీ, నీ చేతిల ఉన్నది" అని పంపించేశాను. సాయంత్రం అదే మిషన్ మీద నేను కూర్చుంటే పావుగంటలో నాకూ అతుక్కోవడం మొదలైంది. క్లాంప్ మెరిసే ఇనుము మీదే ఉంది, కరెంట్ సరిగానే ఉంది. క్లాంప్ దగ్గర కేబుల్‌కు చుట్టిన నల్ల టేపు మెత్తబడి జిగురు కారుతోంది. టేపు విప్పితే లగ్గు (కేబుల్ చివర బిగించే లోహపు తొడుగు) లోపల తెల్లటి పొడి, సగం తీగలు తెగి ఉన్నాయి. మర్నాడు ఆ పిల్లగానికి ఫోన్ చేశాను. అప్పటికే వేరే షాపులో చేరాడు.

జరిగేది ఇదీ. చిన్న షాపుల్లో చౌక అని అల్యూమినియం కేబుల్ వాడతారు. అల్యూమినియం గాలి తగలగానే పైన ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది, దాని గుండా కరెంట్ పోదు. పైగా బోల్టు ఎంత బిగించినా ఆ మెత్తటి లోహం నెమ్మదిగా నలిగి జారుతుంది, జాయింట్ వదులవుతుంది. రాగి లగ్గులో అల్యూమినియం తీగ పెట్టి, దానికి వానాకాలం తేమ తోడైతే ఆ తీగను తుప్పు ఇంకా తొందరగా తింటుంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో కరెంట్ పోతుంది. పది నిమిషాలు పని చేశాక వేడెక్కి, తీగలు ఒకసారి తగిలి ఒకసారి వదులుతుంటాయి. అందుకే మొదటి బీడ్లు బాగుండి తర్వాతివి చెడతాయి, మనం చెయ్యి అలిసిందనుకుంటాం. 100 ఆంపియర్ల పనిలో ఆ జాయింట్ దగ్గర 5 వోల్టులు పోయాయంటే 500 వాట్ల వేడి అక్కడే పుట్టినట్టు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలో సగం!

పట్టుకోవడం కష్టం కాదు. పది నిమిషాలు వెల్డ్ చేసి, మిషన్ ఆపి, చేతి వెనుక భాగాన్ని కేబుల్ మధ్యలో ఒకసారి, లగ్గుకు దగ్గరగా ఒకసారి పెట్టి చూడండి. లగ్గు దగ్గర చురుక్కుమంటే దొంగ అక్కడే. మల్టీమీటర్ ఉంటే ఇంకా తేలిక: ఒకరు వెల్డ్ చేస్తుండగా ఇంకొకరు మిషన్ ఎర్త్ టెర్మినల్‌కూ జాబ్‌కూ మధ్య వోల్టేజ్ చూడాలి. ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్‌కు డీసీ, పాత ట్రాన్స్‌ఫార్మర్ సెట్‌కు ఏసీ రేంజ్. పొట్టి కేబుల్‌కు ఒక వోల్టు లోపే ఉండాలి. మూడు, నాలుగు చూపిస్తే విప్పండి.

విప్పాక కొత్త టేపు చుట్టి ఊరుకోవద్దు. తీగలు మెరుస్తూ కనిపించేదాకా కేబుల్ కోయండి. ఒక్కోసారి జానెడు పోతుంది, పోనివ్వండి. తీగలను వైర్ బ్రష్‌తో రుద్ది, ఆలస్యం చేయకుండా కాంటాక్ట్ గ్రీజ్ పూసి, అల్యూమినియం లగ్గులో పెట్టి క్రింపింగ్ పనిముట్టుతో నొక్కండి. సుత్తితో చితక్కొడితే క్రింపింగ్ కాదు. క్లాంప్ బోల్టును వారం తర్వాత ఇంకోసారి బిగించండి. హోల్డర్ వైపు, మిషన్ దగ్గరి ప్లగ్గులనూ ఇలాగే చూడాలి. ట్రయల్‌కు పోయినప్పుడు రాడ్డు పట్టే ముందు ఆ జాయింట్లు ఓసారి చూసుకోండి. దానికి ఏ మేస్త్రీ తప్పు పట్టడు.

లక్షణం: బీడులో పిన్నుతో పొడిచినట్టు రంధ్రాలు. పెయింట్, నూనె ఉంటే గ్రైండ్ చేయండి. జీఐ (జింక్ పూత ఉన్న) పైపు అయితే జింక్ తీసేయాలి, లేకపోతే రంధ్రాలతో పాటు రాత్రికి చలిజ్వరం కూడా వస్తుంది. వానాకాలంలో విప్పి పెట్టిన 7018 రకం రాడ్డు తేమ పీలుస్తుంది, దాన్ని ఓవెన్‌లో 300 డిగ్రీల దగ్గర గంటకు తక్కువ కాకుండా ఆరబెట్టాలి. ఎండలో పరిస్తే ఆరదు. 6013కు అంత వేడి పెట్టకండి, 100 డిగ్రీల చుట్టూ చాలు.

లక్షణం: బీడు పక్కన గాడి. కరెంట్ ఎక్కువ, లేదా ఆర్క్ పొడుగు. తగ్గించండి.

లక్షణం: షాపులో బాగుండి, సైట్‌లో మేడ మీద రాదు. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు, అదీ చుట్ట విప్పకుండా. లావు వైరు తెచ్చుకోండి.

ఇక ప్లేట్ చివర్లో ఆర్క్ ఒక పక్కకే ఎగిరిపోవడం డీసీ మీద అప్పుడప్పుడు కనిపిస్తుంది. క్లాంప్ అవతలి చివరికి మార్చి చూడండి. మిషన్‌లో బోర్డు పోవడం చాలా అరుదు. పైవన్నీ చూశాకే రిపేర్‌కు మోసుకుపోండి.