క్యాడ్ లేకుండా వీఎంసీ మీద జాబ్: ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ మెషీన్ ఫ్లాంజ్ విరిగితే మన దగ్గరికి డ్రాయింగ్ రాదు, విరిగిన ముక్కే వస్తుంది. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల నుంచి ఏరియేటర్ మోటార్ ప్లేట్ తెచ్చేవాళ్లదీ అదే పద్ధతి. "అన్నా, రేపు పొద్దునకి కావాలి, మెషీన్ ఆగిపోయింది" అని బల్ల మీద పెట్టి వెళ్తారు. ఒంగోలులోనో నెల్లూరులోనో చిన్న షాపులో వీఎంసీ (ప్రోగ్రామ్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషీన్) ఉండొచ్చు గానీ, డ్రాయింగ్ గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్, అది తెలిసిన మనిషి ఉంటారన్న నమ్మకం లేదు.

ఇలాంటి జాబులకు క్యాడ్ అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. సరళరేఖలు, వృత్తాలు, రంధ్రాలు మాత్రమే ఉన్న ముక్క ఏదైనా సరే, వెర్నియర్, సైంటిఫిక్ కాలిక్యులేటర్, ఒక తెల్లకాగితం ఉంటే చేతితో ప్రోగ్రామ్ రాయొచ్చు. డై అచ్చులు, అన్ని వైపులా వంపు తిరిగిన ఉపరితలాలు మాత్రం వేరే సంగతి. వాటిని చేతితో రాయబోతే టైమ్ వృథా, ప్రోగ్రామ్‌ను తనే తయారుచేసే క్యామ్ సాఫ్ట్‌వేర్ ఉన్న షాపుకే పంపండి.

తప్పు వచ్చిందని తెలియగానే ప్రోగ్రామ్‌లో అంకెలు మార్చడం మొదలుపెట్టకండి. ముందు కాగితం మీద రాసుకున్న కోఆర్డినేట్ పట్టిక చూడండి, తర్వాత జీరో (కొలతలన్నీ మొదలయ్యే బిందువు), ఆ తర్వాత టూల్ ఆఫ్‌సెట్ (మెషీన్‌లో వేసే టూల్ పొడవు, రేడియస్ అంకెలు). ప్రోగ్రామ్ వంతు ఆఖరున. కింద ఉన్నవన్నీ మెషీన్‌ను నడిపే ఫానక్ తరహా కంట్రోల్‌ను దృష్టిలో పెట్టుకుని రాశాను. మీ మెషీన్ వేరేదైతే కోడ్ అంకెలు కొంచెం మారవచ్చు, లెక్క మారదు.

కొత్త ఫ్లాంజ్ రంధ్రాలు పాత మెషీన్ బోల్టులతో కలవడం లేదు

ఎక్కువ జాబులు పాడయ్యేది ఇక్కడే. మెషీన్ తప్పు దాదాపుగా ఉండదు. పాత ముక్కను కొలవడంలోనే తేడా వచ్చి ఉంటుంది.

పాత ఫ్లాంజ్ రంధ్రాలు అరిగి కోలగా అయి ఉంటాయి. రంధ్రం మధ్యబిందువును కంటితో అంచనా వేసి వెర్నియర్ పెడితే కొలత నమ్మలేం. ఇలా చేయండి: రెండు రంధ్రాల దగ్గరి అంచుల మధ్య దూరం కొలవండి, అవే రెండు రంధ్రాల దూరపు అంచుల మధ్య దూరం కూడా కొలవండి. రెండూ కలిపి సగం చేస్తే సెంటర్ నుంచి సెంటర్ దూరం వస్తుంది. రెండు రంధ్రాల సైజులు వేరైనా ఈ లెక్క సరిపోతుంది.

రంధ్రాలు సరిసంఖ్యలో ఉంటే ఎదురెదురు రంధ్రాల సెంటర్ దూరమే పీసీడీ, అంటే రంధ్రాల సెంటర్లన్నీ కూర్చునే వృత్తం డయామీటర్. అయిదో ఏడో ఉంటే ఎదురుగా రంధ్రం ఉండదు. అప్పుడు పక్కపక్క రంధ్రాల సెంటర్ దూరం తీసుకుని, దాన్ని 180 భాగించు రంధ్రాల సంఖ్య అనే కోణం సైన్‌తో భాగించాలి. అయిదు రంధ్రాలకు ఆ సైన్ 0.5878. పక్కపక్క దూరం 94.05 వస్తే పీసీడీ 160.

కొలత వచ్చాక దగ్గరి రౌండ్ ఫిగర్‌కు సర్దేయాలని చేయి ఉవ్విళ్లూరుతుంది. ఆగండి. 158.7 వచ్చిందంటే అది 160కి అరిగిన రూపం అయ్యుండకపోవచ్చు. పాత మెషీన్ అంగుళాల్లో చేసినదైతే ఆరుంపావు అంగుళాలు సరిగ్గా 158.75 మిల్లీమీటర్లు. ఫ్లాంజ్ మందం, బోర్, బోల్ట్ సైజు కూడా అంగుళాల్లోకి మార్చి చూడండి. రెండు మూడు కొలతలు పావు, అర అంగుళాల్లో చక్కగా కుదిరితే అనుమానం తీరినట్టే.

ఇక కోఆర్డినేట్లు. సెంటర్‌ను జీరోగా పెట్టుకుంటే ప్రతి రంధ్రానికి ఎక్స్ అంటే రేడియస్ గుణించు కోణం కాస్, వై అంటే రేడియస్ గుణించు కోణం సైన్. 160 పీసీడీ మీద ఆరు రంధ్రాలకు పట్టిక ఇలా వస్తుంది:

- 0 డిగ్రీలు: ఎక్స్ 80.000, వై 0
- 60 డిగ్రీలు: ఎక్స్ 40.000, వై 69.282
- 120 డిగ్రీలు: ఎక్స్ మైనస్ 40.000, వై 69.282
- 180 డిగ్రీలు: ఎక్స్ మైనస్ 80.000, వై 0
- 240 డిగ్రీలు: ఎక్స్ మైనస్ 40.000, వై మైనస్ 69.282
- 300 డిగ్రీలు: ఎక్స్ 40.000, వై మైనస్ 69.282

అంకెలు అర్థం లేకుండా వస్తుంటే కాలిక్యులేటర్ రేడియన్ మోడ్‌లో ఉందేమో చూడండి. సైన్ 30 నొక్కితే 0.5 రావాలి, అది రాకపోతే మోడ్ మార్చండి. పట్టిక అయ్యాక ఏవో రెండు పక్క రంధ్రాల మధ్య దూరం లెక్కేసి, పాత ముక్క మీద కొలిచిన దూరంతో పోల్చండి. ఆరు రంధ్రాలైతే ఆ దూరం రేడియస్‌కి సమానం, ఇక్కడ 80. ఈ ఒక్క సరిచూపు డ్రిల్ దిగకముందే తప్పు పట్టేస్తుంది.

రంధ్రాలన్నీ ఒకే కోణంలో తిరిగిపోయి ఉంటే పీసీడీ సరైనదే, మొదటి రంధ్రం కోణం తప్పు. కీవే (కీ కూర్చునే గాడి) ఎటు ఉందో, దానికి ఎన్ని డిగ్రీల్లో మొదటి రంధ్రం ఉందో ముందే కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి.

విరిగిన ముక్క వంపుకి కొత్త ముక్క సరిపోవడం లేదు

వృత్తంలో ఒక భాగమే మిగిలినప్పుడు రేడియస్ కొలవడానికి రెండు అంకెలు చాలు: వంపు రెండు చివరల మధ్య సూటి దూరం, ఆ సూటి గీత మధ్య నుంచి వంపు దాకా ఎత్తు. దూరాన్ని దూరంతో గుణించి, ఎనిమిది రెట్ల ఎత్తుతో భాగించి, దానికి ఎత్తులో సగం కలపండి. దూరం 60, ఎత్తు 4 అయితే 3600 భాగించు 32 అంటే 112.5, దానికి 2 కలిపితే రేడియస్ 114.5.

లెక్క సరిగా చేసినా ముక్క కలవకపోతే కారణం కొలత తీసుకున్న దూరం చిన్నదవడం. పై ఉదాహరణలో ఎత్తు 4 బదులు 4.1 అని చదివితే రేడియస్ 111.8కి పడిపోతుంది. ఒక్క పాయింట్ (0.1) తేడాకు రెండున్నర మిల్లీమీటర్లకు పైగా పోయింది. అదే వంపు మీద దూరం 120 తీసుకుని కొలిస్తే, అదే పాయింట్ తేడాకు అర మిల్లీమీటర్ పైచిలుకు మాత్రమే మారుతుంది. కాబట్టి ముక్క ఎంత మిగిలితే అంతా వాడి, వీలైనంత పొడుగు దూరం మీద కొలవండి.

సైకిల్ స్టార్ట్ నొక్కితే టేబుల్ కదిలీ కదలనట్టు ఉంది

దశాంశ బిందువు మర్చిపోయారు. చాలా ఫానక్ మెషీన్లలో "ఎక్స్50" అని రాస్తే 50 మైక్రాన్లు, అంటే 0.05 మిల్లీమీటర్. "ఎక్స్50." అని చివర చుక్క పెడితేనే 50 మిల్లీమీటర్లు. ఒక్క జెడ్ దగ్గర చుక్క పోతే ఇంకా ప్రమాదం: జెడ్ 50 పైకి లేచిందనుకుని మనం నిశ్చింతగా ఉంటాం, టూల్ మాత్రం జాబ్ మీదే ఉండి పక్కకి రాపిడ్‌లో, అంటే పూర్తి వేగంతో, దూసుకుపోతుంది. పారామీటర్ మార్చిన మెషీన్లలో చుక్క లేకపోయినా మిల్లీమీటర్లుగానే తీసుకుంటుంది. అందుకే ఒక మెషీన్ మీద బాగా నడిచిన ప్రోగ్రామ్ ఇంకోదాని మీద తేడా కొడుతుంది. పూర్ణాంకమైనా, సున్నా అయినా చుక్క పెట్టడం అలవాటు చేసుకోండి. జి04 ఆగుడులో పి తర్వాత మాత్రం చుక్క పెట్టకూడదు, అక్కడ వెయ్యి అంటే ఒక సెకను.

జాబ్ మొత్తం ఒక పక్కకి జరిగింది

రంధ్రాల మధ్య దూరాలు సరిగ్గా ఉండి, అంచు నుంచి మాత్రం అన్నీ 5 మిల్లీమీటర్లు జరిగితే జాబ్ అంచును వెతికే ఎడ్జ్ ఫైండర్ డయామీటర్‌లో సగం కలపలేదని అర్థం. 10 మిల్లీమీటర్ల ఫైండర్ అంచుకు తాకినప్పుడు స్పిండిల్ సెంటర్ అంచుకు 5 బయట ఉంటుంది. 10 జరిగి ఉంటే కలపాల్సిన చోట తీసేశారు. తేడా ఈ అంకెల్లో దేనితోనూ కుదరకపోతే జి54లో (జాబ్ జీరోను దాచే చోటు) పెట్టిన జీరోను, వైస్‌లో జాబ్ కదిలిందేమో, వైస్ దవడకు డయల్ పట్టి సూటిగా ఉందో లేదో వరసగా చూడండి.

ప్రొఫైల్ సైజు తప్పుతోంది

ఎంత తప్పిందో అంకె చూస్తే కారణం తెలిసిపోతుంది. 12 మిల్లీమీటర్ల ఎండ్‌మిల్‌తో 100 రావాల్సిన బయటి కొలత 88 వస్తే జి41 (టూల్‌ను దాని రేడియస్ అంత పక్కకి జరిపే కోడ్) పని చేయలేదు, టూల్ సెంటర్ గీత మీదే నడిచింది. 112 వస్తే డి ఆఫ్‌సెట్‌లో రేడియస్ 6 బదులు డయామీటర్ 12 వేశారు. కొన్ని మెషీన్లలో డయామీటరే వేయాలి, మీదేదో ఒకసారి తేల్చుకుని మెషీన్ మీద రాసి అంటించండి.

100.2 లాంటి చిన్న తేడా అయితే రీషార్పెనింగ్‌తో టూల్ సన్నబడిందో, వంగుతోందో. తేడాలో సగం, 0.1, డి నుంచి తగ్గించి ఫినిష్ కట్ మళ్లీ నడపండి. ప్రోగ్రామ్ ముట్టుకోవద్దు. అందుకే మొదటి ముక్కకు డి కావాలనే 0.2 ఎక్కువ పెట్టి నడపడం మంచిది. మెటీరియల్ మిగిలి ఉంటే తీయొచ్చు, పోయింది అతికించలేం.

జి41 మొదలయ్యే లైన్ సరళరేఖలోనే ఉండాలి, టూల్ రేడియస్ కంటే పొడుగ్గా ఉండాలి. ఆర్క్ మీద మొదలుపెడితే 034 అలారం. లోపలి మూల రేడియస్ టూల్ రేడియస్ కన్నా చిన్నదైతే 041. రెండో దానికి చిన్న టూల్ తప్ప మందు లేదు.

ఆర్క్ దగ్గర 020 అలారం

మొదలు, చివర, సెంటర్ ఒకదానితో ఒకటి కుదరడం లేదు. చేతితో రాసేవాళ్లలో తరచూ కనిపించే కారణం ఐ, జె విలువల్లో సెంటర్ కోఆర్డినేట్లు నేరుగా వేయడం. అవి ఆర్క్ మొదలైన చోటు నుంచి సెంటర్ ఎంత దూరమో చెప్పాలి. ఎక్స్ 32, వై 0 నుంచి జీరో చుట్టూ తిరగాలంటే ఐ మైనస్ 32. పూర్తి వృత్తానికి ఐ, జె బదులు ఆర్ (రేడియస్) పనికిరాదు, మొదలూ చివరా ఒకటే కాబట్టి టూల్ కదలదు. 180 డిగ్రీలు దాటిన ఆర్క్‌కి ఆర్ వాడితే మైనస్ పెట్టాలి, లేకపోతే చిన్న దారిలో కోసేస్తుంది.

మూలల గుండ్రానికి ఆర్క్ మొదలు, చివర కావాలి. చతురస్రం మూలైతే రేడియస్ ఎంతో అంత వెనక్కి రావాలి. ఇతర మూలలకు మలుపు కోణాన్ని సగం చేసి, దాని ట్యాన్‌ను రేడియస్‌తో గుణించాలి. చాలా కంట్రోళ్లలో లైన్ చివర కామా పెట్టి "ఆర్5." అంటే ఈ లెక్క అదే చేసుకుంటుంది. మీ మెషీన్‌లో ఆ ఆప్షన్ ఉందో లేదో గాలిలో నడిపి చూడండి. ఉంటే సగం త్రికోణమితి తప్పుతుంది.

టూల్ జాబ్‌లోకి దిగబడింది, లేదా క్లాంప్‌ని కొట్టింది

దిగబడితే టూల్ పొడవును లెక్కలోకి తెచ్చే జి43 లేదు, లేదా ఆ పొడవు దాచిన హెచ్ నంబర్ వేరే టూల్‌ది. టూల్ నంబర్, హెచ్, డి మూడూ ఒకటే ఉండాలని నియమం పెట్టుకోండి. క్లాంప్‌ని కొట్టడం ఇంకో రకం: చాలా మెషీన్లలో జి00 రాపిడ్ కదలిక సూటిగా పోదు, ఒక్కో యాక్సిస్ దాని వేగంతో అది పోయి దారి విరుగుతుంది. జెడ్ పైకి ఒక లైన్, తర్వాత ఎక్స్, వై ఇంకో లైన్‌గా రాయండి.

స్క్రీన్ మీద బొమ్మ చూసుకునే వీలు లేని మనకు గాలిలో నడపడమే బొమ్మ. వర్క్ ఆఫ్‌సెట్ పేజీలో ఈఎక్స్‌టీ వరసలో జెడ్ 50. వేసి, సింగిల్ బ్లాక్ (ఒక్కో లైన్‌కి ఆగే పద్ధతి) ఆన్ చేసి, రాపిడ్ తగ్గించి మొత్తం ప్రోగ్రామ్ నడపండి. సరిపోయాక ఆ 50 తీసి సున్నా చేయండి.

చెప్పని చోట కూడా డ్రిల్ దిగుతోంది, రెండో లేయర్ ఎటో పోతోంది

మొదటిది డ్రిల్ సైకిల్‌ను ఆపే జి80 రాయకపోవడం, డ్రిల్ సైకిల్ ఇంకా బతికే ఉంది. రెండోది సబ్ ప్రోగ్రామ్‌లో లోతు కోసం జి91 (ఉన్న చోటు నుంచి కొలిచేది) వాడి, ఎక్స్ వై కదలికల ముందు జి90కి (జీరో నుంచి కొలిచేది) తిరిగి రాకపోవడం. ప్రతి టూల్ మొదట్లో జి90 జి17 జి40 జి49 జి80 ఉన్న లైన్ ఒకటి పెట్టండి.

ట్యాప్ విరిగింది

ఫీడ్ (నిమిషానికి ట్యాప్ దిగే మిల్లీమీటర్లు) అంటే ఆర్‌పీఎం గుణించు పిచ్ (మర ఒక చుట్టుకు దిగే దూరం). ఎం10 కి పిచ్ 1.5, 300 ఆర్‌పీఎం అయితే ఫీడ్ 450, రంధ్రం 8.5. స్పిండిల్, జెడ్ కలిసి కదిలే రిజిడ్ ట్యాపింగ్‌కి ముందు ఎం29 ఉందో చూడండి. అన్నీ సరిగ్గా ఉండీ విరిగితే రంధ్రం అడుగున చిప్స్ నిండాయేమో చూడండి.

కరెంటు పోయి వచ్చింది, టూల్ జాబ్‌లోనే ఉంది

ఆగిన లైన్ నుంచి మళ్లీ స్టార్ట్ నొక్కకండి. పవర్ పోగానే టూల్ లెంగ్త్ ఆఫ్‌సెట్, కట్టర్ కాంపెన్సేషన్ రద్దయిపోతాయి, స్పిండిల్ తిరగదు. ముందు జెడ్‌ను హ్యాండ్‌వీల్‌తో నెమ్మదిగా పైకి తీయండి. ట్యాప్ లోపల ఉంటే జెడ్ ఒక్కదాన్నే లాగకుండా, స్పిండిల్‌ను చేతితో వెనక్కి తిప్పుతూ దానితోపాటే జెడ్ లేపుతూ తీయాలి. హోమ్‌కి పంపాల్సిన మెషీన్ అయితే హోమ్ చేసి, ఫైండర్‌తో ఒక అంచు తాకించి జి54 అలాగే ఉందో సరిచూడండి. ఎన్‌కోడర్ లేని స్టెప్పర్ మోటార్ల చిన్న మెషీన్లలో ఈ సరిచూపు తప్పనిసరి, స్టెప్పులు పోయినా దానికి తెలియదు. తర్వాత ప్రోగ్రామ్‌ను ఆ టూల్ మార్చే లైన్ నుంచి మొదలుపెట్టండి. కోసిన చోట మళ్లీ గాలిలో తిరుగుతూ పది నిమిషాలు పోతాయి, పోనివ్వండి.